మేలు కలయికా, మేలి కలయికా?

నాగావళి ఒడ్డు: ఈ మధ్య వరసగా మన ఉత్తరాంధ్ర వాళ్ళ పుస్తకాలే పట్టుకున్నాను. కారా మాష్టారి (కాళీపట్నం రామారావు) కథ ‘యజ్ఞం’ మళ్ళీ చదివాను. కాలేజీ రోజుల్లో ముగింపు చూసి హడలిపోయాను. ఈసారి హడలెత్తించింది ముగింపు కాదు, దానికి ముందు నడిచే పంచాయితీ. అందరూ ఎంత మర్యాదగా, ఎంత న్యాయంగా మాట్లాడతారో! చాసో (చాగంటి సోమయాజులు) కథలు కూడా అయిపోయాయి. ఆయన కథ ఆపేసిన చోట ఇంకా ఉందేమో అని పేజీ తిప్పాను, రెండు మూడు కథలకి. ఆ తర్వాత ఒక విమర్శ వ్యాసాల సంపుటి. అందులో గురజాడ ‘ముత్యాల సరాలు’ పాదం ‘కొత్త పాతల మేలి కలయిక’ అని ఉంది. నా నోట్లో ఉన్నది ‘మేలు కలయిక’. అప్పట్నించీ మిగతా వ్యాసాలు బుర్రకెక్కడం లేదు. ఏది సరైనది?

మూడు లాంతర్లు: మేలు. విజయనగరం వాళ్ళని అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

పాలకొండ మాష్టారు: ఊరి పేరు చెప్పి పాఠం తేల్చేస్తే ఎలా బాబూ? అప్పారావుగారే విజయనగరంలో పుట్టలేదు, రాయవరంలో పుట్టారు. ముందు మాత్రలు లెక్కపెట్టండి. కొత్త మూడు, పాతల నాలుగు, మేలు మూడు, కలయిక నాలుగు. ‘మేలి’ పెట్టినా మూడే. ఛందస్సు ఎటూ సాక్ష్యం చెప్పదు, అర్థమే చెప్పాలి. మేలిముత్యం, మేలిబంగారం అంటాం. ‘గుత్తునా ముత్యాల సరములు’ అని మొదలెట్టినవాడి మనసులో మేలిముత్యం మెదలదా? నా ఓటు ‘మేలి’కే.

చంపావతి: మాష్టారూ, ‘మేలి’ అంటే కలయిక బాగుందని ఆయనే కితాబిచ్చుకున్నట్టు అవుతుంది. ‘మేలు’ అంటే కొత్తలో ఉన్న మేలూ పాతలో ఉన్న మేలూ కలవడం. కొత్తలో చెత్త ఉంది, పాతలోనూ ఉంది, అది వద్దనడం. ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’ అన్నదీ ఈయనే. అక్కడ మేలు నామవాచకం కాక మరేటి?

పల్లం మడి: నేను పండితుణ్ణి కాదు గానీ విత్తనాల షాపులో ‘మేలిరకం’ అన్నవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు. మేలురకం విత్తనం, మేలుజాతి పశువు. అంటే ‘మేలు’ కూడా విశేషణంగా నడుస్తుంది. ‘మేలు కలయిక’ అని ఉంచుకుని మాష్టారి అర్థమే చెప్పుకోవచ్చు కదా.

చంపావతి: పల్లం మడి గారూ, మీరు నా వైపా, ఆయన వైపా?

పల్లం మడి: విత్తనం వైపు.

పాలకొండ మాష్టారు: విశేషణమే అంటే నాకు ఇంకో ఆలోచన వస్తోంది. మేలుకట్టు అంటే చాందినీ, అందులో ‘మేలు’కి పైన అని అర్థం, తమిళంలో మేల్ లాగే. పాతదాని మీద కొత్తది పరుచుకున్న కలయిక అని ఎందుకు అనుకోకూడదు? ఆ ఛందస్సు సంగతే చూడండి. అడుగున వృషభగతి రగడ అనే పాత ఛందస్సు నడక, పైన కొత్త విరుపు.

మూడు లాంతర్లు: మరీ సాగదీస్తున్నారు మాష్టారూ. రగడ వరకూ ఒప్పుకుంటాను. ఆకాశంలో తోకచుక్కని చూసి 1910లో ఆయన రాసుకున్న పాదానికి చాందినీ కట్టకండి.

ఫిడేలు వీధి: కలయిక అంటే విజయనగరంలో చూడాల్సింది ఫిడేలండీ. వాయిద్యం సీమ నుంచి వచ్చింది, పాడింది మన త్యాగరాజుని. 1919లో సంగీత కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు మాష్టారు. దాసుగారి హరికథ ఒక గదిలో, నాయుడుగారి కమాను పక్క గదిలో! చాసో ‘వాయులీనం’ చదివారుగా, మరి దాని గురించి ఒక్క ముక్కా రాయలేదేం?

నాగావళి ఒడ్డు: చదివానండీ. ఇంట్లో ఫిడేలు అమ్ముడుపోయే కథ. పేదరికం గురించి ఎవరైనా రాస్తారు. సంగీతం వచ్చిన మనిషి చేతుల్లోంచి వాయిద్యం పోవడాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పడం ఆయనకే చెల్లింది. అందులో మొగుడు చెడ్డవాడు కాకపోవడం నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. చెడ్డవాడైతే వాణ్ణి తిట్టుకుని పుస్తకం మూసేద్దును.

ఫిడేలు వీధి: నాకు ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కంటే ఇదే పెద్ద కథ.

చంపావతి: అబ్బే, ఆ పోలిక ఒప్పుకోను. చుట్టలకని బయల్దేరిన కుర్రాడు బడి దగ్గర ఆగిపోయే కథ ముందు ఏదైనా రెండోదే.

నాగావళి ఒడ్డు: చాసో గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఇంతకీ నేను నోట్‌బుక్కులో మేలు అని రాసుకోవాలా, మేలి అనా? ఆదివారం శ్రీకాకుళం వెళ్తున్నాను, కథానిలయంలో అడిగి చూడనా?

మూడు లాంతర్లు: అది కథలకి కట్టిన ఇల్లు. పద్యం పట్టుకుని వెళ్తే లోపలికి రానిస్తారో లేదో!

పాలకొండ మాష్టారు: రానిస్తారులెండి. పాత పత్రికలు చూసే అలవాటున్నవాళ్ళు అక్కడ చాలామంది తగుల్తారు. వెళ్తే ఇంకోటి కూడా చూసి రండి. తర్వాతి పాదం ‘క్రొమ్మెరుంగులు జిమ్మగా’. ఆ ‘జి’ ఏటి? ప్రథమ మీద ‘చిమ్మగా’లోని పరుషానికి గసడదవాదేశం చేస్తే ‘సిమ్మగా’ రావాలి. ‘జి’ రావాలంటే ముందు ద్రుతం, అంటే నకారం, ఉండాలి. వాడుకభాష కోసం పోరాడిన మనిషికి ఈ సరళాదేశం ఎందుకు పట్టింది?

చంపావతి: ‘మెరుంగులన్’ అని ద్వితీయ మనసులో పెట్టుకుని ఉంటారు. ద్రుతం మింగేసినా దాని గుర్తు ‘జి’లో మిగిలింది.

పల్లం మడి: మేం బళ్ళో ‘చిమ్మగా’ అనే చదివాం మరి.

మూడు లాంతర్లు: మేమూ అంతే. బడి కూడా విజయనగరంలోదే.

పాలకొండ మాష్టారు: మళ్ళీ ఊరు! ‘చిమ్మగా’ అని అచ్చయిన పాత ప్రతి ఒక్కటి ఫోటో తీసి పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.