ఎండ దంచుతున్నప్పుడే ఇన్వర్టర్ ట్రిప్ అవుతోంది – గ్రిడ్ ఓవర్ వోల్టేజ్

కవిటి_కొబ్బరితోట:
5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకి కలిపిన) సోలార్ ఇన్వర్టర్. పదకొండు నుంచి రెండు మధ్యలో ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదలవుతోంది. స్తంభం నుంచి మీటరుకి 40 మీటర్లు, 4 ఎస్‌క్యూ ఎంఎం అల్యూమినియం సర్వీసు వైరు. బిగించినవాళ్లు ఇన్వర్టర్లో దేశం సెట్టింగు (ఏ దేశం గ్రిడ్ నియమాలు పాటించాలో చెప్పేది) మార్చి వోల్టేజి లిమిట్ పెంచేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

బొబ్బిలి_వైర్‌మ్యాన్:
ఒద్దు బాబూ. ఇన్వర్టర్ తన పని తాను చేస్తోంది. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) నియమాల ప్రకారం వోల్టేజి 110 శాతం దాటితే, అంటే 253 వోల్టులు, రెండు సెకన్లలో లైను వదిలేయాలి. లిమిట్ పెంచితే ఆ ఎక్కువ వోల్టేజి మీ ఫ్రిజ్జుకీ ఫ్యాన్లకీ తగులుతుంది.

లైన్లోకి కరెంటు తోయాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి లైను కన్నా పైన ఉండాలి. లోపల ఐజీబీటీలు (ఎలక్ట్రానిక్ స్విచ్చులు) సెకనుకి వేలసార్లు ఆన్-ఆఫ్ అవుతూ చేసేది అదే. ఎంత పైన అన్నది వైరు తేలుస్తుంది. మీది రానూపోనూ 80 మీటర్లు, వైరు నిరోధం 0.56 ఓమ్. 22 ఆంపియర్లకి 12 వోల్టులు అక్కడే పెరుగుతాయి. 16 ఎస్‌క్యూ ఎంఎం వేస్తే 3 వోల్టులే.

టెక్కలి_టెస్టర్:
వైరు కొనేముందు కొలవండి. మంచి ఎండలో, మీటరు తర్వాతి మెయిన్ స్విచ్ దగ్గర, ఇన్వర్టర్ ఏసీ ఐసోలేటర్ (ఇన్వర్టర్‌ని లైను నుంచి విడదీసే స్విచ్) ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి. ఆఫ్‌లోనే 250 ఉంటే మీ వైరు మార్చి లాభం లేదు. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మన వైపు ఇచ్చేది ఫేజుల మధ్య 433 వోల్టులు, అంటే ఫేజుకి 250. 100 కేవీఏ లోపు వాటికి మామూలుగా ట్యాపులు (వోల్టేజి తగ్గించి పెంచుకునే అమరిక) కూడా ఉండవు. అప్పుడు రీడింగులతో డిస్కంకి (కరెంటు సరఫరా సంస్థకి) అర్జీ పెట్టాలి.

కవిటి_కొబ్బరితోట:
ఆఫ్‌లో 238. ఆన్‌లో 18 ఆంపియర్ల దగ్గర 252, ఆ వెంటనే ట్రిప్.

టెక్కలి_టెస్టర్:
14 వోల్టులు, 18 ఆంపియర్లు: 0.78 ఓమ్. వేడెక్కిన వైరు 0.65 దాకా తినేస్తుంది, మిగిలింది జాయింట్లలో, బయటి లైన్లో ఉంది. ఉద్దానం ఉప్పుగాలికి, అల్యూమినియం తీగని నేరుగా రాగి టెర్మినల్లో బిగిస్తే ఆ జాయింటే ముందు పాడవుతుంది. బైమెటాలిక్ లగ్గులు (ఒక వైపు అల్యూమినియం, ఒక వైపు రాగి ఉన్న కొనలు) వేయించండి, న్యూట్రల్ జాయింటు ముందు చూడండి. మీటరు సీలు, స్తంభం వైపు పని లైన్‌మన్‌దే.

బొబ్బిలి_వైర్‌మ్యాన్:
వైరు మారేదాకా మోటారు, గీజరు మధ్యాహ్నమే వేసుకోండి. 2 కిలోవాట్లు ఇంట్లోనే ఖర్చయితే 6 వోల్టులకి పైగా తగ్గుతుంది. మీ ఇన్వర్టర్ మోడల్లో వోల్ట్-వాట్ అనే సెట్టింగు ఉంటే ఆన్ చేయించండి. వోల్టేజి పెరిగేకొద్దీ పూర్తిగా ఆగిపోకుండా పవర్ కొంచెం కొంచెం తగ్గించుకుంటుంది. రియాక్టివ్ పవర్ సెట్టింగు జోలికెళ్లకండి, ఇంత సన్న వైరు మీద దానివల్ల ఒరిగేది తక్కువ.