అప్‌డేట్: కెనాల్ దు మిదీ గట్టు మీద 28 మిల్లీమీటర్ల సైకిల్ టైర్లతో వెళ్లలేదు, బతికిపోయాను

దక్షిణ ఫ్రాన్స్‌లో తులూజ్ నుంచి కార్కసాన్ దాకా ఈ కాలువ గట్టు మీద సైకిల్‌పై వెళ్లడానికి 28 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నటి రోడ్డు టైర్లు సరిపోతాయా అని పోయిన నెల అడిగాను కదా. వద్దన్న అందరికీ థ్యాంక్స్. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేయించుకుని వెళ్లొచ్చాను.

మొదటి 50 కిలోమీటర్లు తారు దారి, నల్లేరు మీద నడకే. ఆ తర్వాత మట్టి, కంకర, గట్టు వెంట నీడ కోసం నాటిన ప్లేన్ అనే చెట్ల వేర్లు. అరచేతులు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. ఫంగస్ తెగులు సోకి వేల చెట్లు కొట్టేశారు కాబట్టి చాలాచోట్ల నీడ కూడా లేదు.

మీలో ఒకరు చెప్పినట్టు నోరూజ్ దగ్గర పెద్ద కాలువ వదిలేసి, రిగోల్ అనే పిల్లకాలువ వెంట రెవెల్ ఊరి వైపు తిరిగాను. నల్ల కొండల నీళ్లను పెద్ద కాలువకు చేర్చడానికి 17వ శతాబ్దంలో తవ్విన కాలువ అది. చెట్ల నీడ, వంపులు, దాదాపు చదునైన కంకర దారి. ట్రిప్ మొత్తంలో నాకు నచ్చింది ఇదే. సెయింట్ ఫెర్రెయోల్ చెరువుకు చేరే ముందు మాత్రం ఎత్తు ఎక్కాలి.

నా తప్పు ఒకటుంది: సోమవారం బయల్దేరాను. పల్లెల్లో నేను ఆగిన బేకరీలన్నీ మూతే! సంచిలోని పల్లీ చిక్కీయే దిక్కయింది. నీళ్లు మాత్రం శ్మశానం కుళాయిల దగ్గర పట్టుకున్నాను. మొదటిసారి కాస్త బెరుగ్గా అనిపించింది. తాగడానికి పనికిరావని బోర్డుంటే మాత్రం ముట్టుకోకండి.

వసంతంలో కార్కసాన్ నుంచి సముద్రతీరంలోని సెత్ దాకా వెళ్తాను. ఎవరైనా వస్తారా?