పోకర్ ఆటగాడి పాత నష్టం ఎవరి ఖాతాలో పడాలి?

అనంతపురం నుంచి (ప్రశ్న అడిగినవారు)
మా చిన్నాన్న కొడుకు గోవా వెళ్ళి పోకర్ అనే పేకాట టోర్నమెంట్లు ఆడతాడు. ప్రవేశ రుసుము మా మామయ్య వరుస ఆయన పెడతారు, లాభంలో చెరి సగం. ఓడితే ఆ సొమ్మును ‘మేకప్’ అని తమ్ముడి పేరున రాస్తారు, అది తీరాకే లాభం లెక్క. పది టోర్నమెంట్లకు 30,000 చొప్పున 3,00,000 పెట్టారు. తొమ్మిది పోయాయి. పదోదానిలో 4,00,000 వచ్చింది. నిర్వాహకులు 30 శాతం పన్ను పట్టుకొని 2,80,000 చేతికిచ్చారు. మామయ్య మాత్రం నాలుగు లక్షల మీదే లెక్క కట్టి, తన మూడు లక్షలూ, మిగిలిన లక్షలో సగమూ కలిపి 3,50,000 ఇమ్మంటున్నారు. అంటే గెలిచినవాడే ఎదురు 70,000 కట్టాలి. ఇది న్యాయమేనా?

కర్నూలు నుంచి
నేనూ ఇద్దరు ఆటగాళ్ళకు డబ్బు పెట్టినవాణ్ణే. మేకప్ ఉండి తీరాలి. వందమంది కూర్చుంటే డబ్బు దక్కేది పదిహేను మందికి, అందులోనూ పెద్ద మొత్తాలు మొదటి ముగ్గురికే. తొమ్మిది రోజుల నష్టం నేను మోసి, పదో రోజు లాభంలో సగం ఇచ్చేస్తే నాకు మిగిలేదేమిటి? అయితే పన్ను విషయంలో మీ మామయ్యది తప్పు. ఆదాయపు పన్ను చట్టం ఈ గెలుపుల్లోంచి ఖర్చులు మినహాయించుకోనివ్వదు. ఆటగాడి చేతికి రాని డబ్బును పంచమనడం అన్యాయం. 2,80,000 తీసుకొని ఇంకో 20,000 మేకప్‌గా ఉంచుకోవాలి, అంతే.

ధర్మవరం నుంచి
అన్నా, మా నాన్న వేరుశనగ చేను కోరుకు ఇచ్చేవారు. విత్తనం, ఎరువు మావి, కష్టం వాళ్ళది. వాన లేక పంట ఎండిన ఏడు పోయిన విత్తనం ఖర్చును మరుసటి ఏడు రాశి మీద ఎన్నడూ పట్టుకోలేదు. కూలి దక్కకుండా ఏడాది చాకిరీ చేసిన మనిషిదీ నష్టమే కదా. గోవాలో పన్నెండు గంటలు కూర్చుని ఆడినవాడిదీ అంతే.

కర్నూలు నుంచి
తమ్ముడూ, చేలో చేసిన కష్టం గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది. గోవాలో ఎలా ఆడాడో ఎవరు చూశారు? పోయినదాని బాధ్యత కొంతైనా లేకపోతే చేతికొచ్చినట్టు ఆడేస్తాడు. మేకప్‌కు హద్దు పెట్టమంటే ఒప్పుకుంటాను. డబ్బు పెట్టేవాడే మధ్యలో మానేస్తే ఆ మేకప్ రద్దు కావాలి.

కడప నుంచి
ఏది మాట్లాడుకున్నా ముందే రాసుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, కాబట్టి కోర్టు వసూలు చేసిపెడుతుందని ఎవరూ ధీమాగా ఉండకూడదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. ఆ ఆటలకైతే ఒప్పందం ఊసే వద్దు. గుంతకల్లు నుంచి గోవాకు రైలు, బస ఖర్చులు ఎవరివో కూడా కాగితం మీద ఉండాలి. నేను చూసిన తగాదాలన్నీ చిల్లర ఖర్చుల దగ్గరే మొదలయ్యాయి.

అనంతపురం నుంచి (ప్రశ్న అడిగినవారు)
కడప ఆయన చెప్పాక తమ్ముడి నోటుబుక్కు తెప్పించి చూశాను. మొదటి పేజీలో నీలి సిరాతో ‘లాభంలో చెరి సగం’, కింద రెండు సంతకాలు. పన్ను ప్రస్తావనే లేదు. ‘మేకప్’ అన్న మాట ఆరో టోర్నమెంటు దగ్గర, మామయ్య చేతిరాతతో, ఎర్ర సిరాతో ఉంది. తమ్ముడు అప్పుడు మాట్లాడకుండా ఊరుకున్నాడట. ఆదివారం ఆ పుస్తకం పట్టుకొని మామయ్య ఇంటికి వెళుతున్నాం. ఆరోదాని నుంచి పెట్టిన 1,50,000 ముందు ఆయన తీసుకోవాలనీ, చేతికొచ్చినదాంట్లో మిగిలే 1,30,000 చెరి 65,000 పంచుకోవాలనీ అడుగుతాం.