పోపోవ్ ఇంటిపేరు గలవారంతా చర్చి గురువుల సంతతేనా?

రేడియో అభిమాని:
రేడియో తొలినాళ్ల చరిత్రలో మార్కోనీ, జగదీశ్ చంద్ర బోసులతో పాటు తప్పక వినిపించే పేరు అలెగ్జాండర్ స్తెపానొవిచ్ పోపోవ్. ఆయన 1859లో ఉరల్ పర్వత ప్రాంతంలోని తూరిన్‌స్కియె రూద్నికి అనే గనుల ఊళ్లో ఒక చర్చి గురువు ఇంట పుట్టారు. రష్యన్‌లో ‘పొప్’ అంటే ఊరి చర్చి గురువు. దానికి చివర ‘ఒవ్’ చేరితే ‘ఆ గురువుకు చెందినవాడు’ అని అర్థం. పేరు చెప్పేదీ పుట్టుక చెప్పేదీ ఇక్కడ ఒకటే అయ్యాయి. రష్యాలో అత్యంత విస్తారంగా కనిపించే ఇంటిపేర్లలో ఇది ఒకటి కనుక, పోపోవ్‌లందరి మూలపురుషులూ గురువులేనని నా వాదన. కాథలిక్ ఫాదర్లకు పెళ్లి ఉండదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆర్థడాక్స్ సంప్రదాయంలో ఊరి గురువు దీక్షకు ముందే పెళ్లి చేసుకుంటాడు. బ్రహ్మచర్యం సన్యాసులకూ, వారిలోంచి వచ్చే బిషప్పులకూ మాత్రమే. కాబట్టి ఆ ఆక్షేపణ నిలవదు. కాదనేవారు ఆధారాలతో చెప్పగలరు.

నామచరిత్ర:
రేడియో అభిమాని గారు చూపిన ఉదాహరణ నిజమే కానీ, దాని మీద కట్టిన సిద్ధాంతం నిలిచేది కాదు. పద్దెనిమిదో శతాబ్దం నుంచి గురువుల కొడుకులు చర్చి గురువులను తయారు చేసే సెమినరీల్లో చదవడం ఆనవాయితీ అయింది. అక్కడి అధికారులు విద్యార్థులకు కొత్త ఇంటిపేర్లు పెట్టడం ఎంత సాధారణమైపోయిందంటే, ఒకే తండ్రి బిడ్డలకు వేర్వేరు ఇంటిపేర్లు వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. పండుగలను బట్టి, చర్చిలను బట్టి త్రొయిత్‌స్కి, ఉస్పెన్‌స్కి, ప్రెయొబ్రజెన్‌స్కి వంటి పేర్లు పుట్టాయి. జార్ మొదటి అలెగ్జాండర్ దగ్గర సంస్కరణల రూపకర్తగా పేరు పొందిన మిహయీల్ స్పెరాన్‌స్కి వ్లదీమిర్ ప్రాంతపు పల్లెటూరి గురువు కొడుకు. ఆశించడం అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి ఆయనకు ఆ ఇంటిపేరు సెమినరీలోనే వచ్చింది. అంటే గురువుల కుటుంబాలు తమకంటూ హుందాగా వినిపించే ప్రత్యేకమైన పేర్లు తెచ్చుకున్న కాలంలో, పోపోవ్ అనే సాదాసీదా పేరు ఎక్కువగా ఎవరి దగ్గర మిగిలి ఉండాలి? రైతుల దగ్గరే.

పైగా ఆ ‘ఒవ్’ ప్రత్యయం ‘ఎవరి కొడుకు’ అన్న ప్రశ్నకే కాదు, ‘ఎవరివాడు’ అన్న ప్రశ్నకు కూడా జవాబు చెబుతుంది. గురువు పొలంలో పనిచేసే పాలేరు కూడా ఊరివాళ్ల నోట ‘పోపోవ్’ అవుతాడు. భక్తి ఎక్కువై ప్రతి మాటకూ దేవుణ్ణి తెచ్చే రైతును ఎగతాళిగా ‘పొప్’ అని పిలిస్తే, అతని పిల్లలూ పోపోవ్‌లే. ఆ మాట మొదట మామూలుదే అయినా, తర్వాత్తర్వాత కొంత చులకన ధ్వనిని సంతరించుకుంది. గురువును మర్యాదగా చెప్పాలంటే రష్యన్లు ‘స్వ్యాష్షెన్నిక్’ అంటారు.

వంశవృక్షం:
పాలేరు వాదన తరచూ వింటున్నదే గానీ, అది చెప్పేవారు ఈ ఇంటిపేరును మిగతా వాటి నుంచి విడదీసి చూస్తున్నారు. పోపోవ్ ఒంటరి పేరు కాదు. ప్రధాన గురువు పదవి నుంచి ప్రొతొపొపోవ్, గురువు సహాయకుడైన డీకన్ నుంచి ద్యాకొనొవ్, చర్చి పరిచారకుడి నుంచి పొనొమర్యోవ్ వచ్చాయి. గురువు భార్యను ‘పొపద్యా’ అంటారు; ఆమె పేరుమీదుగా పొపాదిన్ అనే ఇంటిపేరు ఏర్పడింది. భర్త పోయాక ఇల్లు నడిపిన విధవరాలి పిల్లలకు అది రావడం సహజం. ఇంకా విచిత్రం రస్పోపొవ్. పదవి ఊడిన గురువును ‘రస్పోప్’ అనేవారు, ఈ పేరు అక్కడి నుంచి వచ్చింది. ఇంటిపెద్ద ఉద్యోగం పోయిన సంగతిని కూడా ఊరు మరిచిపోకుండా మనవల నెత్తిన పెట్టిందన్న మాట. ఇంత నిక్కచ్చిగా హోదాలను విడదీసి పలికిన సమాజం, గురువు కొడుకునూ గురువు పాలేరునూ ఒకే గాటన కట్టిందంటే నమ్మడం కష్టం. పాలేరు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉండవచ్చు, కాదనను. మన దగ్గర కరణం అనే ఇంటిపేరు వింటే ముందు కరణీకమే గుర్తుకొస్తుంది గానీ, కరణంగారి పొలం దున్నినవాడు కాదు కదా!

ఉత్తర తీరం:
ఇద్దరూ రష్యా అంతటా ఒకే పద్ధతి ఉన్నట్టు మాట్లాడుతున్నారు. ఇంటిపేర్ల భౌగోళిక వ్యాప్తిని పరిశీలించిన వ్లదీమిర్ నికొనొవ్, యూరోపియన్ రష్యాను ఏ ఇంటిపేరు ఎక్కడ ముందు నిలుస్తుందో దాన్నిబట్టి ఇవానొవియా, స్మిర్నొవియా, కుజ్నెత్సొవియా, పోపోవియా అని సరదాగా విభజించారు. అందులో పోపోవియా ఉత్తరాన, అర్హాంగెల్‌స్క్ వైపున ఉంది. ఉత్తరాదిలోనే ఎందుకన్న దానికి ఆయన ఇచ్చిన వివరణ నాకు మిగతా వాటికంటే బలంగా కనిపిస్తుంది. అక్కడి గ్రామ సమాజాలు చాలాకాలం పాటు తమ గురువును తామే, తమలో ఒకరిని ఎన్నుకునేవి. ఈరోజు వలలు వేసే రైతు రేపు గురువు కావచ్చు. అతని కొడుకు మళ్లీ వలల దగ్గరికే వెళ్లవచ్చు. పేరు మాత్రం మిగిలిపోయింది. గురుత్వం మూసుకుపోయిన వారసత్వ వర్గంగా మారింది ఆ తర్వాతే. కాబట్టి అక్కడి పోపోవ్‌లలో చాలామంది గురువు కొడుకులూ అవుతారు, రైతులూ అవుతారు. ‘గురువా, రైతా’ అని మీరు పెట్టిన ప్రశ్నే ఉత్తరాదికి అతకదు.

రేడియో అభిమాని:
పై వివరణ నా వాదననే బలపరుస్తున్నది; మూలపురుషుడు గురువే కదా. ప్రసిద్ధులైన పోపోవ్‌లను కూడా ఒకసారి చూడవలసిందిగా మనవి. శాస్త్రవేత్త పోపోవ్ పెర్మ్ సెమినరీలో చదివి, అక్కడి నుంచి పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. క్రొన్‌స్తాత్‌లోని నౌకాదళ పాఠశాలలో బోధిస్తూ, దూరాన మెరిసిన మెరుపును పట్టి గంట మోగించే పరికరాన్ని తయారు చేసి, 1895 మే 7న పండితుల సభలో ప్రదర్శించారు. ఆ తేదీని రష్యాలో నేటికీ రేడియో దినంగా జరుపుకుంటారు. గురువుల ఇళ్లలో ఉండే చదువు సంస్కారం ఆయనలో కనబడదా?

నామచరిత్ర:
ప్రసిద్ధుల జాబితా ఈ తగవును తీర్చదు. తీర్చేదే అయితే నా వైపే తీర్చాలి. రంగులనూ రేఖలనూ నిర్మాణాల్లా పేర్చిన చిత్రకారిణి ల్యుబోవ్ పోపోవా సంపన్న బట్టల వర్తకుని కూతురు. ఆమె 1924లో కన్నకొడుకు నుంచి సోకిన స్కార్లెట్ జ్వరంతోనే చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ‘రాత్రి మంత్రగత్తెలు’ అని పిలిచిన మహిళా బాంబర్ దళంలో 852 సార్లు విమానం నడిపిన నదేజ్దా పోపోవా తండ్రి రైల్వే ఉద్యోగి. మాస్కో మేయరుగా పనిచేసిన ఆర్థికవేత్త గవ్రీల్ పోపోవ్ గ్రీకు మూలాలవారు. 1980లో సాల్యుత్-6 కేంద్రంలో 185 రోజులు గడిపిన వ్యోమగామి లెయొనీద్ పోపోవ్ పుట్టింది ఉక్రెయిన్‌లో. 1992, 1996 ఒలింపిక్సులు రెండింటిలోనూ 50, 100 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణాలు గెలిచిన ఈతగాడు అలెగ్జాండర్ పోపోవ్ పేరును శాస్త్రవేత్త పేరుతో కలిపేసే వెబ్ జాబితాలు కూడా చూశాను. వేదిక మీద పడిన సూర్యకిరణంతో ఆడుకున్న సర్కస్ విదూషకుడు ఒలెగ్ పోపోవ్‌లో గురువుల సంస్కారం వెతకమంటారా? వీరిని కలిపేది అక్షరాలే గానీ రక్తం కాదు.

వంశవృక్షం:
తండ్రి వృత్తి రైల్వేనో వర్తకమో అయినంత మాత్రాన ముత్తాత ముత్తాత ఎవరో తేలదు. మీరు చెప్పినవారంతా పంతొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాలవారు. పేరు పుట్టింది అంతకు ఎన్నో తరాల ముందు.

ఉత్తర తీరం:
తేలేది కాగితాల మీదే. గురువుల కుటుంబాలకు విడిగా లెక్కలు ఉండేవి. ప్రతి చర్చిలో ఎవరు గురువు, ఎవరు డీకన్, వారి భార్యాపిల్లలెవరు, ఏ కొడుకు ఏ సెమినరీలో ఉన్నాడన్న వివరాలు ‘క్లిరొవియె వేదొమొస్తి’ అనే పట్టికల్లో రాసేవారు. రైతుల కుటుంబాలు తలపన్ను కోసం పీటర్ చక్రవర్తి కాలంలో మొదలై 1850ల చివరి దాకా పది విడతలుగా జరిగిన ‘రెవీజియా’ జాబితాల్లో కనిపిస్తాయి. భూస్వాముల కింద కట్టుబడి ఉన్న చాలామంది అర్ధబానిస రైతులకు 1861లో విముక్తి దాకా స్థిరమైన ఇంటిపేరే లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అలాంటి ఇంట్లో పోపోవ్ అనే పేరు 1897 జనగణనలో మొదటిసారి కనబడితే, దాన్ని పదిహేడో శతాబ్దపు గురువు దాకా లాగడానికి వీల్లేదు. అర్హాంగెల్‌స్క్ వైపు స్వేచ్ఛగా బతికిన రైతుల సంగతి వేరు, వారి పేర్లు ముందే స్థిరపడ్డాయి. రేడియో అభిమాని గారు తమ వాదనను ఆ ఉత్తరాది వరకు పరిమితం చేసుకుంటే నేను వారితోనే ఉంటాను. రష్యా అంతటికీ చాపితే మాత్రం ఊరి పేరు, కాలం చెప్పి, జాబితా చూపించవలసి ఉంటుంది.