నార్వేలో మహిళల హ్యాండ్‌బాల్ ఫ్రెండ్లీ టోర్నీ: ఏ సీట్లు మంచివి?

నమస్కారమండీ. మేం ఓస్లోలో ఉంటాం. మా పాప క్లబ్‌లో గోల్‌కీపర్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన నార్వే జట్టంటే దానికి ప్రాణం.

పెద్ద పోటీలకు ముందు ఇక్కడ నాలుగు దేశాల ఫ్రెండ్లీ టోర్నీ పెడుతుంటారు కదా, ఒకప్పుడు మోబెల్‌రింగెన్ కప్ అనేవాళ్లు. అలాంటిదానికి పాపని తీసుకెళ్దామనుకుంటున్నాం.

గోల్ వెనక సీట్లు మంచివా, పక్క స్టాండా? షూటర్ గాల్లోకి లేచాక కీపర్ ఎప్పుడు ముందుకొస్తుందో, కాళ్లెలా కదుపుతుందో దగ్గర్నుంచి చూడాలట. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది, అదే దాని బాధ.

ఒకే టికెట్‌తో ఆ రోజు రెండు మ్యాచ్‌లూ చూడొచ్చా? రెండు జట్ల పాయింట్లు సమానమైతే ముందు గోల్స్ తేడా చూస్తారా, వాళ్లిద్దరి మ్యాచ్ ఫలితమా? వెళ్లినవాళ్లుంటే దయచేసి చెప్పండి.