రుమేనియా ఏకీకరణకి ముందు చర్చి ఫాదర్‌లకి ఉద్యమంలో పనేంటి?

కందుకూరు అక్క:
మా తమ్ముడు రుమేనియాలో, క్లుజ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. నిన్న వీడియో కాల్‌లో మెమొరాండుములుయి వీధిలో నడుస్తూ ఒక పాత భవనం చూపించాడు. ఇప్పుడది మ్యూజియం, గోడకి ఎవరిదో సైకిలు ఆనించి ఉంది. "అక్కా, 1894లో వసీలే లుకాచు అనే ఫాదర్‌కి ఇక్కడే ఐదేళ్ళ జైలుశిక్ష వేశారంట" అన్నాడు. రాత్రంతా అదే ఆలోచన. ప్రార్థన చేయించే మనిషికి అంత శిక్ష దేనికి? మా పాస్టరుగారైతే ఎలక్షన్ల ఊసే ఎత్తరు.

ఒంగోలు మాస్టారు:
అమ్మా, మీ తమ్ముడుండే క్లుజ్ ట్రాన్సిల్వేనియా ప్రాంతంలోది, 1867లో అది హంగరీలో కలిసిపోయింది. అక్కడ రుమేనియన్లే ఎక్కువ, రాజ్యభాష మాత్రం హంగేరియన్. 1892లో వాళ్ళ నేషనల్ పార్టీ తమ బాధలన్నీ ఒక అర్జీగా రాసింది, దాదాపు 300 మంది దాన్ని తీసుకుని వియన్నా దాకా పోతే ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వాళ్ళ ముఖమే చూడలేదు, అర్జీని విప్పకుండా బుడాపెస్ట్‌లోని హంగరీ ప్రభుత్వానికి పంపేశారు, అక్కడా ఎవరూ విప్పలేదు. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ బాధ తెలుస్తుంది. దాన్ని అచ్చేసి పంచారని కేసు పెట్టారు. లుకాచు పార్టీ సెక్రటరీ, అందరికంటే పెద్ద శిక్ష ఆయనకే. 1895లో క్షమాభిక్ష వచ్చింది.

కావలి నుంచి:
ఫాదరే ఎందుకు అంటే, పల్లెల్లో రుమేనియన్ భాషలో బడి నడిపింది చర్చే. ఉత్తరం చదివిపెట్టాలన్నా, కాగితం రాయాలన్నా ఆయన దగ్గరికే పోవాలి. పైగా లుకాచు లాంటివాళ్ళు గ్రీక్ కేథలిక్కులు, పోప్‌ని ఒప్పుకుంటారు గానీ ఆరాధన తూర్పు పద్ధతిలో ఉంటుంది, పెళ్ళయినవాళ్ళు కూడా ఫాదర్‌లు కావచ్చు. లుకాచుకీ పిల్లలున్నారు. అంటే ఊరి కష్టం ఆయన ఇంటి కష్టం కూడా. రోమ్‌లో డాక్టరేట్ చేసొచ్చిన మనిషి షిషెష్ట్ అనే పల్లెలో కూర్చుని చర్చి కట్టించి, 'రుమేనియన్లందరి పవిత్ర ఐక్యత కోసం' అని లాటిన్‌లో దాన్ని అంకితం చేశాడు. అది 1890, అర్జీకి రెండేళ్ళ ముందే.

నెల్లూరు వాసి:
నాకైతే పొట్టి శ్రీరాములుగారు గుర్తొచ్చారు, కానీ రెండూ ఒకటే అనను. మనం దేశంలోపల రాష్ట్రం అడిగాం, అక్కడ రాజ్యాలే మారాయి. అయినా 1892 అర్జీలో రుమేనియాతో కలపమని లేదు, హక్కులే అడిగారు. వినకపోయేసరికి మాట పెరిగింది. 1918 డిసెంబర్ 1న ట్రాన్సిల్వేనియాలోని ఆల్బా యూలియా ఊళ్ళో 1228 మంది ప్రతినిధులు రుమేనియాతో కలవాలని తీర్మానిస్తే, బయట జనానికి చదివి వినిపించింది కూడా ఒక గ్రీక్ కేథలిక్ బిషప్పే, యూలియు హోసు.

కందుకూరు అక్క:
అందరికీ థ్యాంక్స్. షిషెష్ట్ బాయా మారె అనే టౌను పక్కనేనంట, సెలవుల్లో పోయి ఆ చర్చి ఫొటో పంపమని తమ్ముడికి చెప్పాను. రాగానే ఇక్కడే పెడతాను.