చిత్తు ఏరుకునే ఆమెను గేటు లోపలికి రానివ్వొద్దంటున్నారు, మీ దగ్గర పొడి చెత్త ఎవరికి ఇస్తున్నారు?

బోడుప్పల్ వాసి
మా అపార్ట్‌మెంట్‌కు రోజూ పొద్దున్నే ఒకామె గోనెసంచితో వస్తుంది. అట్టలు, సీసాలు, పాల కవర్లు ఏరుకుని పోతుంది. దొంగతనాల భయమని అసోసియేషన్ వాళ్లు ఇప్పుడు ఆమెను వద్దంటున్నారు. పొడి చెత్త విడిగా కట్టి ఆమెకే ఇద్దామని నా ఆలోచన. ఎవరైనా ఇలా చేస్తున్నారా? గుర్తింపు కార్డు లాంటిది ఇప్పించగలమా? అసలు వీళ్లకు గిట్టుబాటు అయ్యేదెంత?

ఫ్లాట్ 302
మా దగ్గర అట్టలన్నీ వాచ్‌మన్ భార్యవి. ఆ డబ్బుతోనే పిల్లల నోటుబుక్కులు కొంటుంది. బయటామె మీద జాలి మంచిదే గానీ, ముందు మీ వాచ్‌మన్‌ను అడిగారా? అతని నోటి దగ్గర కూడు తీసి ఆమెకు పెడతారా?

తార్నాక కోడలు
కార్డులు తర్వాత, ముందు సూదుల సంగతి చూడండి. ఇంటింటా షుగరే. ఇన్సులిన్ సూదులు కవర్లో వేసి పడేస్తారు, సంచిలో చెయ్యి పెట్టిన వాళ్లకు గుచ్చుకుంటాయి. మా అత్తగారివి నేను ఖాళీ షాంపూ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన ఎర్ర స్కెచ్‌తో ఇంటూ గుర్తు పెడతా. ప్యాడ్లు పేపర్లో చుట్టి ఇవ్వాలని కేంద్రం 2016లో తెచ్చిన చెత్త నిర్వహణ రూల్స్‌లోనే చెప్పారు. ఎంతమంది చుడుతున్నారు?

కాటా అన్న
నేను పుట్టిందే స్క్రాప్ షాపులో, అడగండి చెబుతా. మీకు అంతా ప్లాస్టికే. మాకు తెల్ల సీసా వేరు, రంగు సీసా వేరు, షాంపూ డబ్బా వేరు, పాల కవర్ వేరు, విరిగిన కుర్చీ వేరు. చిప్స్ ప్యాకెట్ ఊరికే ఇచ్చినా వద్దు, లోపలి వెండి పొర విడదీయలేం. నీళ్ల సీసా అయితే మూత తీసి, నొక్కి ఇవ్వండి. అప్పుడే రేటు.

ఈసీఐఎల్ ఇంజనీర్
మూత తీయక్కర్లేదు. కాటేదాన్ రీసైక్లింగ్ ఫ్యాక్టరీల్లో సీసాలు ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. రెండూ వాటంతట అవే విడిపోతాయి. ఆ మాత్రం సైన్స్ తెలియకుండా జనాలకు పని పెట్టకండి.

కాటా అన్న
సార్, మీ సైన్స్ ఫ్యాక్టరీలో. సంచి వచ్చేది నా షాపుకు. మూత ఉంటే సీసాలో గాలి పోదు, బండి నిండుతుంది గానీ బరువు ఉండదు. ఇంకోటి, మూత బిగిస్తే లోపల నీళ్లు. బరువు కోసం కావాలనే ఉంచేవాళ్లు ఉన్నారు. అందుకే సంచికి ఇంత అని తరుగు తీస్తాం.

జవహర్‌నగర్ బిడ్డ
ఆ "ఇంత" ఎంతో చెప్పన్నా. మా అమ్మ డంప్ యార్డ్ మీద ఏరింది, నాకు తెలుసు. ఎండాకాలం ఎండిపోయిన సీసాలకు కూడా నీళ్ల తరుగే. అట్టకైతే తడి తరుగు. కిలో కావాలంటే లీటరు సీసాలు నలభై దాకా ఏరాలి, మీరు ఒక్క మాటతో కోసేస్తారు. పైగా ముందు అప్పు ఇచ్చి, ఇంకో షాపుకు పోనివ్వరు.

కాటా అన్న
అప్పు ఎవరిస్తారమ్మా, బ్యాంకు ఇస్తుందా? ఆసుపత్రి ఖర్చుకు రాత్రి తలుపు కొట్టేది మా షాపుదే. 2021లో ప్లాస్టిక్ చిత్తు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు, ఆ దెబ్బ ఎవరి మీద పడిందో తెలుసా?

జవహర్‌నగర్ బిడ్డ
తెలుసు. మా అమ్మ మీద.

మౌలాలి మావయ్య
మా రోజుల్లో పేపర్లకు స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పేపరే కొనడం లేదు ఎవరూ.

ఫ్లాట్ 302
దొంగతనాల సంగతి ఎవరూ మాట్లాడరేం? మా బ్లాక్‌లో ఇత్తడి కుళాయిలు పోయాయి.

జవహర్‌నగర్ బిడ్డ
ఆమె తీసిందని చూశారా? సంచి భుజాన ఉంటే చాలు, దొంగ అయిపోతారు మీకు.

ఈసీఐఎల్ ఇంజనీర్
అసలు దెబ్బ ఆటోలతో వచ్చింది. 2015లో ఇంటింటా చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు దిగాయి, తర్వాత వీధి కుండీలు తీసేశారు. అమ్ముడుపోయేది ఆటో వాళ్లే ముందు తీసుకుంటారు. మిగిలింది జవహర్‌నగర్ డంప్ యార్డుకు. అక్కడ 2020 నుంచి చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారు. బాగా మండేవి ఏవి? అట్ట, ప్లాస్టిక్. ఏరుకునే వాళ్లకు డబ్బు వచ్చేవీ అవే.

తార్నాక కోడలు
కార్డు గురించి అడిగారు కదా. చెత్త ఏరేవాళ్లను నమోదు చేయాలని ఆ 2016 రూల్స్‌లోనే చెప్పారు. మురుగు కార్మికుల కోసం కేంద్రం పెట్టిన నమస్తే పథకంలో 2024లో వాళ్లనూ చేర్చారు. మీ మున్సిపల్ ఆఫీసులో అడగండి. పుణెలో వీళ్లే సహకార సంఘం పెట్టుకుని ఇంటింటా చెత్త తీస్తున్నారు, ఇళ్ల వాళ్లే నెలనెలా రుసుము ఇస్తారు.

బోడుప్పల్ వాసి
థ్యాంక్స్ అక్కా. వాచ్‌మన్‌తో మాట్లాడాను. అట్టలు అతనికి, సీసాలు, కవర్లు ఆమెకు. ఆదివారం మీటింగ్‌లో పెడతా, ప్రెసిడెంట్ గారు ఒప్పుకుంటారో లేదో. మూతలు తీయాలా వద్దా మాత్రం తేల్చండి.

కాటా అన్న
తీయండి.

ఈసీఐఎల్ ఇంజనీర్
అక్కర్లేదు.

మౌలాలి మావయ్య
మా ఇంట్లో పాత ఫ్రిజ్ ఉంది, ఎవరు తీసుకుంటారు?

కాటా అన్న
కంప్రెసర్ ఉందా మావయ్యా, ఎవరైనా తీసేశారా?